గంజి లెక్క

హన్మకొండ కాలేజీ, జువాలజీ ల్యాబు,
మూడో అర, ఎడమ మూల.
మూత మీది మైనం పగిలిన సీసా.
లేబుల్ మీద సిరా వెలిసిపోయి
మండపం అన్న ఊరి పేరొక్కటే మిగిలింది.
లోపల సముద్ర దోసకాయ,
పాత బెల్లం రంగు. నొక్కితే రాయి.

ఇరవై రెండేళ్ళుగా దాన్ని తుడుస్తున్న ఓదెలుకు
ఇవాళ అడగబుద్ధయింది.
"మేడం, గిది బతికున్నప్పుడు గూడ
గింత గట్టిగనే ఉండెనా?"

లేదు ఓదెలూ.
తాకితే కొయ్య. వదిలేస్తే మెత్తన.
మరీ పీడిస్తే చేతిలోనే జావై జారుతుంది.
ఒళ్ళంతా జావ చేసుకుని రాతి పగుల్లోకి దిగి
అక్కడ మళ్ళీ బిగుసుకుంటుంది,
అల ఎంత లాగినా రాదు.

"గట్ల బిగవట్టాల్నంటె కండ ఉండాలె గద?"

కండ కాదు, అదే చిత్రం.
తోలులో కొల్లాజెన్ పోగులు, పొట్టివి, దేనికదే.
అవి అప్పుడూ అవే, ఇప్పుడూ అవే.
మారేది మధ్యలోది.
నరం కబురు తెస్తే
చిన్న కణాలు రేణువుల మూట విప్పుతాయి,
టెన్సిలిన్ వచ్చి పోగుకూ పోగుకూ ముడి వేస్తుంది,
ఇంకో ప్రొటీన్ వచ్చి విప్పుతుంది.
ఇక కాల్షియం సంగతి, అంటూ సుద్దముక్క తీసి
బోర్డు మీద సగం గీసేసరికి

ఓదెలు నవ్వాడు.
"గంజి లెక్కన్నట్టు."

కొత్తవాడలో వాళ్ళమ్మ రాజకొమురమ్మ
తెల్లారకముందే బజారు పొడుగునా పడుగు చాపి
కుంచెతో గంజి పట్టేదట.
తాగినంక ఆ పోగే మగ్గం దెబ్బకు నిలిచేది,
ఉతికితే మళ్ళా దూది.
పోగు తెగితే "నూలును తిట్టకురా,
గంజి చూడు" అనేదట.
మగ్గం అమ్మిన మర్నాడు కూడా
పొయ్యి మీద గంజి కాగిందట, అలవాటుకు.

నా పాఠం ముప్పావు గంట. ఆమెది ఒక్క ముంత.

"మరి గిది?" సీసా ఎత్తి వెలుతురుకు పట్టాడు.
ఇది ఫార్మలిన్, ఓదెలూ.
ఇదీ ముడే వేస్తుంది.
విప్పడం తెలియదు.

కాజీపేట వైపు గూడ్సు బండి పోయేదాకా
ఏమీ అనలేదు.
"అంటే ముట్టుకున్నోడు ఎన్నడో పోయిండు.
ఇది ఇంకా గట్లనే బిగవట్టుకొని ఉన్నది.
పాపం."
గుడ్డ మడిచి సీసా కింద పెట్టాడు,
అడుగు చల్లగా ఉంటుందన్నట్టు.

నయీంనగర్ దాకా బస్సులో నిలబడి
నా దవడ చూసుకున్నాను.
కాంట్రాక్టు పొడిగింపు గురించి ప్రిన్సిపాల్ అన్న మాట
పొద్దున పదింటిది.
పళ్ళు అప్పటి నుంచీ కరిచే ఉన్నాయి.

రాత్రి అన్నం వార్చి
గంజి పారబోయబోయి ఉంచేశాను.
చల్లారుతూ పైన పల్చగా తొరక కట్టింది.
వేలు పెడితే
ముడతలు పడి, పక్కకు జరిగింది.