గోడ మీద పానా

ఉండి లాకు దిగువన, రేకు కింద
ఎనిమిదడుగుల వెడల్పు నా కొట్టు.
కాలిన మోటార్లకి మళ్లీ రాగి చుడతాను.
వార్నిష్ వాసన అన్నంలోకీ వస్తుంది,
మా ఆవిడ అడగడం మానేసింది.

ముప్పై ఏళ్లుగా ఇక్కడ ప్రతిదీ ఉంది.
ఎక్కడుందనేది మాత్రం
ఆ వేళ్టి అదృష్టం.
బేరింగులు బిస్కెట్ల డబ్బాలో,
మెగ్గరు మంచం కింద.
ఇరవైరెండు గేజి తీగ కావాలంటే
ముందు ఇరవైనాలుగు దొరుకుతుంది,
దాంతోపాటు పోయినేడు పోయిన గొడుగు.

మా అక్క కూతురు దీవెన
కారు అద్దాల ఫ్యాక్టరీలో మూడేళ్లు చేసి వచ్చింది.
పొద్దున్నుంచీ స్టూలు మీద ఊరికే కూచుని
దీపాలవేళకి ఫోను నా ముందు పెట్టింది:
"మావయ్యా, ఇవాళ నలభైయొక్క నిమిషాలు వెతికావు."
వెతకడం కూడా పనేననుకున్నా ఇన్నాళ్లూ.
చెమట పట్టేది కదా.

మర్నాడు ఎర్ర చీటీలు తెచ్చింది.
ఏడాదిగా చెయ్యి పడని ప్రతిదానికీ ఒకటి.
పలకని రేడియోకి, దవడ విరిగిన వైసుకి,
ఏ చెరువువో తెలీని మూడు షాఫ్టులకి.
మధ్యాహ్నం కునుకు తీసి లేస్తే
నా బనీనుకీ ఒకటి!
నవ్వాను.
ఊడదీసి జేబులో పెట్టుకున్నాను గాని
పారెయ్యలేదు.

పాతసామాన్ల పెద్దిరాజు బండి రెండుసార్లు తిరిగాక
నేల కనబడింది.
నేల ఆకుపచ్చట.
ఎప్పుడు రంగేయించానో.

ఆనక గోడకి చెక్క బిగించి
ఒక్కో పనిముట్టూ ఆనించి
చుట్టూ నల్లరంగుతో గీత గీసింది.
తీసేసినా దాని చోటు కనబడాలట.
పుల్లరు, ప్లయరు, నైలాను సుత్తి.
ఎండగట్టిన చెరువు బురదలో
చేప పడుకున్న గుంటల్లా ఉన్నాయి.

"ఇంకేమన్నా ఉందా?"
"ఒక పానా గియ్యి. పదిహేడు."
"ఏదీ?"
"లేదు."
"లేనిదానికి గియ్యకూడదు. రూలు."
"గియ్యవే."
గాలిలో వేలితో కొలత చూపించాను.

ఒకప్పుడు ఈ బోర్డు మీద రెండు పేర్లుండేవి.
రెండోది చెరిపింది నేనే.
పానా పట్టుకుపోయింది గాబ్రియేలు.
కాలవవతల వాడి కొట్టు.
పద్దెనిమిదేళ్లుగా వంతెన మీద ఎదురుపడితే
ఇద్దరం నీళ్లకేసి చూస్తాం.

శ్రావణం ముసురు. రాత్రి రెండున్నర. కరెంటు లేదు.
బైకు మీద ఒక కుర్రాడు, ఒళ్లో మోటారు,
వెనక టార్చితో ఇంకొకడు.
"ఏసోబు గారూ, బేరింగు పట్టేసిందండి.
తెల్లారేసరికి రొయ్య తేలిపోద్దండి."
చీకట్లో గోడకేసి చెయ్యి చాపాను.
పుల్లరు అక్కడే ఉంది.
అంతే.
ఆ కాస్తకే కళ్లు చెమ్మగిల్లాయంటే దీవెన నమ్మదు.

టార్చి పట్టుకున్నవాడు మాట్లాడలేదు.
వెలుతురు ఊరికూరికే నా చేతుల మీంచి జారి
గోడకి పోతోంది.
"ఇటు పట్టు" అని కసిరి, అప్పుడు చూశాను,
బొటనవేలి మీద మచ్చ.
కొత్తల్లో నా సుత్తి తప్పిన దెబ్బ.
వాడి కొట్లో ఎంత వెతికినా
పుల్లరు దొరకలేదట. కుర్రాడు చెప్పాడు.

షాఫ్టు వేలితో తిప్పితే నూనెలా తిరిగింది.
కుర్రాడు బైకు స్టార్టు చేసి హారన్ కొట్టాడు.
గాబ్రియేలు కదల్లేదు.
ఖాళీ గీత మీద టార్చి వేసి,
అరచెయ్యి ఆనించి, కాసేపు ఉండి,

"ఇది పదిహేడు కాదురా, పంతొమ్మిది.
నీకు కొలతెప్పుడూ తక్కువే" అన్నాడు.

పొద్దున్న దీవెన రాగానే అడిగాను,
నల్లరంగు డబ్బా ఏదే అని.
"దాని చోట్లోనే" అంది.