క్యూ

జూన్‌లో ఫ్లూ వచ్చి పోయింది,
డబ్బో ఊళ్ళో చలి ముదిరే వేళ.
పోతూ పోతూ తలుపు సరిగా వెయ్యలేదు.

రోజూ నాలుగింటికి, స్కూలు బస్సు మలుపు తిరిగే సమయానికి
కళ్ళ వెనక పొయ్యి రాజుకుంటుంది.
ముప్పై ఏడు పాయింట్ ఎనిమిది.
ఇక్కడి లెక్కలో అది జ్వరమే కాదు.
మనింటి లెక్కలో వంద,
గంజి కాచి దుప్పటి కప్పే వంద.

"వైరస్ తోక" అన్నాడు మొదటి డాక్టరు.
రెండో ఆయన "టీబీ ఉన్న దేశం కదా మీది" అని
నా పాస్‌పోర్టుని ఛాతీ ఎక్స్‌రేలో వెతికాడు.
దొరకలేదు.
నేనే నటిస్తున్నానేమోనని నాకే అనుమానం.
థర్మామీటర్ మార్చాను. చంక మార్చాను.
వాటిల్ పూలు పసుప్పచ్చగా విరిసి, రాలి,
తడిసిన దిండు తిరగేసి పడుకోవడం అలవాటైపోయింది.

మూడో మనిషి డాక్టర్ మెరెడిత్.
ముందు పరీక్షలేవీ రాయలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని
"మీ రోజు చెప్పండి, పొద్దున్నుంచి" అంది.
చెప్పాను. లంచ్ బాక్సులు, లైబ్రరీలో నాలుగ్గంటల పని,
వాషింగ్ మెషిన్.
"ఎవరి బట్టలు?"
"మా ఆయనవి. భానుమూర్తి. మీట్‌వర్క్స్‌లో పని."
"వేసే ముందు దులుపుతారా?"
దులపనా మరి! పెరట్లో, గాలికి ఎదురుగా నిలబడి,
జేబులు తిరగేసి,
ఎండిన రక్తం, ఉన్ని నూగు, పెంటికల పొడి.
ఆమె పెన్ను ఆగింది.

గొర్రెల నుంచి వస్తుందట. దుమ్ములో నెలల తరబడి బతుకుతుందట.
జూన్‌లో ఫ్లూ అనుకున్నదీ ఇదేనట.
పేరు క్యూ జ్వరం.
క్యూ అంటే నాకు తెలిసింది రేషన్ షాపు ముందు వరస.
అది కాదు. మొదట చూసినవాళ్ళకి ఏమిటో అంతుపట్టక
ప్రశ్న అని రాసిపెట్టుకున్నారు.
జవాబు దొరికాక కూడా పేరు మార్చలేదు.

పనిలో చేర్చుకునే ముందే అతనికి టీకా వేశారు,
కార్డు కూడా ఇచ్చారు.
ఆ బట్టలు ఎవరు ఉతుకుతారని
ఏ కాగితమూ అడగలేదు.

"నా వల్లా?" అని చేతులు చూసుకున్నాడు భాను.
"నీ చొక్కా వల్ల" అన్నాను.
ఆ పూటకి అంత ఓపికే ఉంది.

పద్నాలుగు రోజుల మాత్రలు. ఎండలో తిరగొద్దన్నారు.
అతనిప్పుడు బట్టలు పనిచోటే వదిలి, స్నానం చేసి
ఎవరింటి సబ్బు వాసనతోనో వస్తున్నాడు.

పదకొండో రోజు బస్సు మలుపు తిరిగింది.
ముప్పై ఆరు పాయింట్ ఏడు.
నమ్మలేదు.
మళ్ళీ పెట్టుకున్నాను,
రెండో చంకలో.