రెండు నాలుగు సైజు

పూర్ణా మార్కెట్లో మా గాజుల కొట్టు
ఒక మనిషి పట్టేంత వెడల్పు.
ముప్పయ్యేళ్ళుగా మొహాలు చూడను నేను,
చేతులు చూస్తాను.
రొయ్యలు వలిచిన చెయ్యి, సున్నం తిన్న చెయ్యి,
ఏడ్చి వచ్చిన చెయ్యి కూడా తెలుస్తుంది,
కాస్త చల్లగా ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం ఒక తల్లి,
వెనకాల తెరచాప కొయ్యంత కూతురు.
"మా పిల్ల వేళ్ళు చూశారా, ములక్కాడలు!
రెండు నాలుగు ఇవ్వండి."

వేశాను.
మెటికల దగ్గర ఆగలేదు,
బావిలోకి చేద జారినట్టు
మోచేతి దాకా పోయి గలగలమంది.
తల్లి నవ్వింది.
ఆ చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది.

"బొటనవేలు లోపల పెట్టి
పిడికిలి బిగించమ్మా ఒకసారి."
చిటికెనవేలి పక్కనించి
బొటనవేలి గోరు తొంగి చూసింది,
ఇసకలో బొరియలోంచి పీతలా.

"ఇప్పుడా మణికట్టు పట్టుకో."
బొటనవేలూ చిటికెనవేలూ చుట్టూ తిరిగొచ్చి
ఒకదాని మీదొకటి ఎక్కాయి.

మా తమ్ముడు మసేనువీ ఇవే చేతులు.
పెదజాలారిపేటలో వల చిరిగితే వాడికే ఇచ్చేవారు,
ఎంత చిన్న కన్నులోకైనా దూరతాయని.
సాలీడు అని పిలిచేవారు.
వాడికి ఇష్టమే ఆ పేరు.
ఇరవై రెండో ఏట, పడవ ఒడ్డుకు లాగుతూ
"అక్కా, ఈపు సిరిగినట్టుందే" అన్నాడు.
అంతే.

పెద్దాసుపత్రి మెట్ల మీద
ఓ కుర్ర డాక్టరు నాచేత పిడికిలి మూయించాడు.
నా బొటనవేలు లోపలే ఉండిపోయింది.
గుండెలోంచి బయల్దేరే పెద్ద గొట్టం
కొందరికి ఆ వేళ్ళలాగే సాగిపోతుందట.
ముందే తెలిస్తే మందుందట.
ముందే.

ఇదంతా గాజులమ్ముకునేదాన్ని
ఎలా చెప్పను?
"ఈ చేతికి రెండు రెండు కావాలమ్మా,
తెప్పించి పెడతాను.
ఈలోగా పెద్దాసుపత్రికెళ్ళి
గుండె ఫొటో ఒకటి తీయించండి.
ఊరికే. ఒక్కసారి."

అప్పుడు చూశాను తల్లి మొహం.
"గాజులకొస్తే గుండెలంటుందేంటి ఈవిడ!"
పిల్ల చెయ్యి నా చేతిలోంచి లాక్కుంది.

గుమ్మం దాటాక పిల్ల ఆగింది.
పిడికిలి మూసింది, తెరిచింది,
మళ్ళీ మూసి
వెలుతురుకెత్తి చూసుకుంది.
ఆటోల మధ్య వాళ్ళెటు తిరిగారో,
ఆసుపత్రి ఎత్తు ఎక్కారో,
జగదాంబ వైపు పోయారో
కనపడలేదు.

రెండు రెండు, ఆకుపచ్చవి, ఒక డజను
కాగితంలో చుట్టి పై అరలో పెట్టాను.
ఎవరడిగినా
అయిపోయాయంటున్నాను.