కొక్కెం

గుణుపురం బస్టాండు వెనక
దండాసి వెల్డింగు కొట్టు.
నా వంద సీసీ బండికి
రెండు పక్కలా పెట్టెలు నిలవాలి.

పురికొసతో కొలిచాడు. సైలెన్సరు దగ్గర
బెత్తెడు వదిలాడు, సంచీ కాలకుండా.
"ఏటమ్ముతావమ్మా? చీరలా, స్టీలు సామానా?"
"ఏమీ అమ్మను. కొరాపుట్ ఘాటీలు ఎక్కుతాను,
దిగుతాను."

నల్లద్దాలు నుదుటి మీదకి తోసి చూశాడు.
ఈ కొట్టులో ఇంతవరకూ
ఊరికే తిరగడానికి
ఎవరూ ఇనుము అతికించుకోలేదు.

రవ్వలు. కాలిన రంగు వాసన.
స్టాండు తీస్తే
కావడి కొత్తగా ఎత్తినవాడిలా
బండి ఓ పక్కకి తూలింది.

డబ్బు లెక్కపెట్టుకున్నాక
అడగని కొక్కెం ఒకటి వెనకాల అంటించాడు.
"ఇది దేనికి?"
"అమ్మడానికేటీ నేకపోతే
తెచ్చుకునేదుంటది కదా,
ఓ పనసకాయైనా."