బూర

"మందేసుకున్నావా?" అని డాక్టరమ్మ అడిగితే
ఏ మందమ్మా, అన్నాను.
పక్కమంచం పారినాయుడు నవ్వాడు.
ఆవిడ నవ్వలేదు.
మన మాటలో రెండిటికీ ఒకటే పేరు, నేనేం చెయ్యను.

రాజాం బస్టాండు వెనక నా సెలూను.
పొద్దున్న ఆరింటికి షట్టరెత్తితే
కత్తి కన్నా ముందు చెయ్యి కదిలేది.
క్వార్టరు పడితే కుదురుకునేది.
సరదాకి తాగుతున్నాననుకుంది ఊరు.
సరదా పోయి ఏడేళ్ళు.
ఒకరి గొంతు మీద గీత తిన్నగా రావడానికి
తాగేవాణ్ణి.

తవిటయ్య మావ చెవి తెగిన రోజు
ఆయనేమీ అనలేదు.
పటిక ముక్క తనే తీసి అద్దుకుని
డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.
మర్నాడు ఎదురు షాపులో కూర్చున్నాడు,
నా అద్దానికి వీపు పెట్టి.

మా అప్ప చారులో బిళ్ళ కలిపింది, నాకు చెప్పకుండా.
ఆ రాత్రి క్వార్టరు దానికి తగిలి
మొహం కందిపోయింది, గుండె డప్పయింది.
ఆటోలో తల అప్ప ఒళ్ళో, కాళ్ళు బయట.

"దొంగచాటుగా పెడితే ఏ మందైనా విషమే.
ఇది బుద్ధి లేకపోవడం కాదు, జబ్బు.
సుగరొచ్చినవాణ్ణి తిడతావా?" అంది డాక్టరమ్మ.
"సుగరొచ్చినోడు నా కడియాలు అమ్మీలేదు కదమ్మా,"
అంది అప్ప.
డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, తీసి,
"అదీ నిజమే" అంది.

విజయనగరం వార్డులో మొదటి మూడు రాత్రులు
పైకప్పు నుంచి వెంట్రుకలు కురిశాయి.
ఇరవయ్యేళ్ళలో నేను కత్తిరించినవన్నీ,
నల్లవి, నెరిసినవి, పుట్టువెంట్రుకలు,
నోట్లో, కళ్ళలో.
దులుపుకోనివ్వకుండా చేతులు మంచానికి కట్టారు.
నాలుగో పొద్దున గంజి తాగాను.
గంజిలో వెంట్రుక లేదు.
రెండుసార్లు చూశాను.

నాన్న నాకు పని నేర్పింది బూర మీద.
ఊది, ముడేసి, నురగ రాసి, కత్తి చేతికిచ్చి
"గీయ్. పగిలిందా, మనిషి సచ్చినట్టే" అనేవాడు.

పదకొండో రోజు అప్పని బూరల పొట్లం తెమ్మన్నాను.
సిస్టరు కత్తి ఇచ్చి ఎదురుగా కూర్చుంది,
లేచేటప్పుడు తీసుకుపోయింది.

మొదటిది పగిలింది. వార్డంతా ఉలిక్కిపడింది.
రెండోదీ పగిలింది.
మూడోదానికి ఒక చెంప దాకా వెళ్ళి
నేనే ఆపేశాను.

పారినాయుడు నిరుడు ఇక్కడే ఉండి, బాగుపడి వెళ్ళి,
మేనల్లుడి పెళ్ళిలో ఒక్క గ్లాసు దగ్గర జారి
మళ్ళీ వచ్చినవాడు.
"పగిలితే పగిలింది. పొట్లంలో ఇంకేటి లేవా?"
అన్నాడు గోడవైపు తిరిగి.

నాలుగోది ఊదుతుంటే ముక్కుకి తగిలింది,
తగలకపోవడం.
నా ఊపిరికి వాసన లేదు.

రేపు శుక్రవారం.
పారినాయుడు తన గడ్డం ఇస్తానంటున్నాడు.
నేనింకా సరే అనలేదు.