రాళ్ల పెట్టె

డ్రెడ్జర్‌లో నా పని చిన్నది.
పంపుకి ముందు ఒక ఇనప పెట్టె ఉంటుంది.
సముద్రం అడుగు నుంచి పైపు పీల్చిన దాంట్లో
ఇసక పోగా అడ్డం పడేదంతా అందులో ఆగుతుంది.
షిఫ్టుకి మూడుసార్లు పంపు ఆపి
బోల్టులు విప్పి, చెయ్యి పెట్టి, ఖాళీ చెయ్యాలి.
రాళ్ల పెట్టె అంటారు.
పేరు పెట్టినవాడికి రాళ్లే తెలుసు కాబోలు.

మొదటి నెల, తుబ్లీ ఖాతంలో,
పెట్టె తెరిస్తే ముందు వాసన వచ్చేది.
మా కోరంగి కాలవల్లో ఆటు వేళ లేచే వాసన,
బురదా, కుళ్ళిన ఆకూ.
తర్వాత చేతికి తగిలేవి:
కాళ్లు తెగినా డెక్కలు ఆడిస్తున్న నీలి పీతలు
(ఒకటి గ్లవ్ మీంచే కొరికింది, బొటనవేలి మీద మచ్చ ఉంది),
ముడి విప్పిన జుట్టులా సముద్రపు గడ్డి,
ముత్యపు చిప్పలు, షఫీకుల్ అన్నీ పగలగొట్టి చూసి
ఒక్కటీ దొరక్క తిట్టుకున్నవి.
ఒకరోజు వేలెడంత సముద్రపు గుర్రం,
తోకతో బోల్టుని పట్టుకుని.

ఈ ఇసకతో అవతల కొత్త దీవి పోస్తున్నారు.
మ్యాపులో దానికి ఇప్పటికే పేరుంది.

ఒడ్డున మిగిలిన కాసిని చెట్లని
నేనే ముందు పోల్చుకున్నాను: తెల్లమడ.
షఫీకుల్‌ది ఖుల్నా. వాడు బాయెన్ అన్నాడు.
వల బాగుచేసుకుంటున్న హాజీ మక్కీ తలెత్తి
గుర్మ్ అన్నాడు.
ఆకు మీద పేరుకున్న ఉప్పుకి నాలిక ఆనించి చూశాను.
మా ఊరిదే.

హాజీ మక్కీ చెప్పాడు, హిందీతో తక్కువ, చేతులతో ఎక్కువ:
వాళ్ల తాత ఉప్పునీళ్లలో మునిగి
తోలుసంచి నిండా మంచినీళ్లు పట్టుకొచ్చేవాడట.
సముద్రం అడుగున ఊటలుండేవట, తియ్యనివి.
ఇప్పుడు మంచినీళ్లు ఫ్యాక్టరీలో తయారు చేస్తారు.
మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లు వేడివేడిగా
మళ్లీ సముద్రంలోకే.
మా క్యాంపు కుళాయిలో వచ్చేవీ ఆ మంచినీళ్లే.
రోజుకి మూడు బకెట్లు పోసుకుంటాను, ఎండలు అలాంటివి.
తప్పని నేననలేను.

అననూ. మా నాన్న కత్తి నాకు తెలుసు.
రొయ్యల చెరువుల కోసం, ఎకరానికి ఇంతని మాట్లాడుకుని
నెల్లాళ్లు మడ నరికాడు.
ఆ డబ్బుతో నా టైఫాయిడ్ తగ్గింది.
ఆ మరుసటేడు గాలివానకి
మా పాక ముందు అడ్డం నిలబడ్డానికి ఏమీ లేదు.
ఈ రెంటినీ కలిపి ఆయనెప్పుడూ మాట్లాడలేదు.

ఐదో నెలకి పీతలు తగ్గాయి.
గడ్డి వచ్చేది, గోధుమ రంగుకి తిరిగి.
ఎనిమిదో నెలలో చిప్పలు, ఖాళీవి.
చలికాలం ఫ్లెమింగోలు వచ్చి
ఏటా దిగే చోటు మీద రెండుసార్లు తిరిగాయి.
అక్కడ లారీలున్నాయి.
మూడోసారి తిరగలేదు.

నూకరత్నం ఫోన్‌లో అడుగుతుంది,
అక్కడ పీతలు దొరుకుతాయా, తింటున్నావా అని.
మొదట్లో సముద్రపు గుర్రం ఫోటో పంపాను.
పిల్లది దానికి బుల్లియ్య అని పేరు పెట్టింది.
బుల్లియ్య ఎలా ఉన్నాడు అని ఇప్పటికీ వాకబు.
బాగున్నాడంటాను.
నీళ్లలోకి వదిలిన మాట నిజం.
ఎటు ఈదాడో చూడలేదు,
పంపు ఆన్ చెయ్యమని పైనుంచి కేకలు.

నిన్న ఫోర్‌మన్ రిజిస్టర్ చూసి భుజం తట్టాడు.
ఒకప్పుడు నలభై నిమిషాలు ఆగిన పంపు
ఇప్పుడు ఐదు నిమిషాల్లో మొదలవుతోందట.
పని నేర్చుకున్నావు, అన్నాడు.

రాత్రి షిఫ్టులో పెట్టె విప్పాను.
నాలుగు రాళ్లు. కడిగి పెట్టినట్టు.
తీసి పక్కన పడేశాను.
తర్వాత గ్లవ్ ఊడదీసి
మోచేతి దాకా చెయ్యి పెట్టి
మూలమూలా తడుముతూ ఉండిపోయాను,
ఏదైనా కరుస్తుందేమోనని.