నాలుగు పాయింట్ ఒకటి

కనిగిరి నీళ్ళ ల్యాబులో నా పని
పల్లె నీళ్ళలో ఎర్రమందు చుక్కలేసి
ఎరుపు ఎంత విరిగిందో చూడటం.
ఎరుపు నిలిస్తే నీళ్ళు మంచివి.
వెలిస్తే, వెలిసినంత మేరా ఫ్లోరైడు.
లేని రంగును కొలిచి
ఉన్న విషాన్ని రాసుకునే ఉద్యోగం.

అందుకే ఆదివారం దానియేలు పాస్టరు గారు
"కీడు ఒక వస్తువు కాదు ప్రియులారా,
దేవుడు దాన్ని చేయలేదు,
బట్టకి చిరుగెట్లాగో మేలుకి కీడట్లా" అన్నప్పుడు
వెనక వరసలో నేనొక్కణ్ణే తల ఊపాను.
ఊపినందుకు సిగ్గుపడ్డాను.
చిరుగుకి బరువుండదు.
మా అమ్మ వీపు మీద ఉన్నదానికి ఉంది.

ఎలీసమ్మ. చాప మీద కూర్చుంటే
గడ్డం మోకాళ్ళకి ఆనుతుంది.
కన్నులు పైకెత్తండి అంటే ఆమె చూపు
ముందు వరస ఆడాళ్ళ మడమల దాకా పోతుంది.
పద్దెనిమిదేళ్ళు నడుము వంగిన మనిషి కథ ఆ రోజు.
సాతాను కట్టిన కట్టు అన్నారు.
మా పల్లెలో అలాంటోళ్ళు ముప్పై నలుగురు.
ఏ సాతానుకి ఇంత ఓపిక,
ఇంటింటికీ తిరిగి ఎముకలు బిగించడానికి?
కొమ్ములు నేను చూడలేదు.
బోరు నంబరు మాత్రం తెలుసు.

రాయిది తప్పు కాదు. దాని గుణాన అది కరిగింది.
ఆ తర్వాతది నాది.

పదకొండేళ్ళ కింద ఒక మంగళారం
మా పల్లె బోరు నాలుగు పాయింట్ ఒకటి చూపింది.
ఒకటిన్నర దాటకూడదు.
డీఈ గారు ఫైలు లోంచి తల ఎత్తకుండా
"ట్యాంకు ఓపెనింగు శుక్రవారం కదయ్యా" అన్నారు.
అంతకు మించి ఒక్క మాట లేదు.
నేను ఒకటి పాయింట్ నాలుగు అని రాశాను.
కొత్త అంకె ఏదీ పుట్టించలేదు,
ఉన్న రెండింటినే అటూ ఇటూ మార్చాను.
పాస్టరు గారన్నది నిజమే కావచ్చు,
కీడుకి చేయడం రాదు,
చేసి ఉన్నదాన్ని తిరగేయడమే వచ్చు.

ఆ క్షణంలో నాలో ద్వేషం ఉందా అని
చాలా రాత్రులు వెతికాను. లేదు.
ఆశ? టీ కూడా నా డబ్బులతోనే తాగాను.
రూపాయి ముట్టలేదన్న మాట మీదే
ఇన్నేళ్ళు నిటారుగా నడిచాను.
చివరికి దొరికింది ఒకటే:
పామూరు బస్సు నాలుగున్నరకి,
కిటికీ పక్క సీటు ఉంటుందా ఉండదా.
ఆలోచన ఉండాల్సిన చోట అదుంది.

మా అన్న కూతురు కెజియాకి ఏడేళ్ళు.
నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.
పళ్ళ మీద గోధుమరంగు గీతలు,
నా చేతిరాత లాంటివి.

ప్రార్థనకి అందరూ లేచారు.
నేను నేల మీదికి దిగాను.
పశ్చాత్తాపం అనుకున్నారు కొందరు.
మా అమ్మ ముఖం చూడాలంటే
అక్కడికి దిగాల్సిందే.
ఇన్నేళ్ళూ నన్ను చెప్పుల్ని బట్టి గుర్తుపట్టింది.
అది నాకు అనుకూలంగానే ఉంది.

చెవిలో చెప్పాను. అంకెలు, మంగళారం, శుక్రవారం.
చాలాసేపు నా కళ్ళలోకి చూసింది.
"ఎవురి బోరు అబ్బయా?"
"మనదేనమ్మా."
మా తలల పైన ఆమెన్ అన్నారు.
"పిల్లదానికి ఆ నీళ్ళు పొయ్యమాక."